ఇప్పచెట్టు కింద ఆపిన బండి

ప్రశ్న: మాది హనుమకొండ. పాత పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ కొని సీట్లు తీయించి రెండు పడకలు, చిన్న వంటగట్టు, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్ పెట్టించుకున్నాం. పైన 200 వాట్ల సోలార్ పలక ఉంది. లోపలి వాడకానికి 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చి, మెకానిక్‌తో ఇంజను బ్యాటరీకే కలిపించాం. ఏప్రిల్ మొదటి వారంలో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ కలిసి రామప్ప, లక్నవరం, తాడ్వాయి, కాళేశ్వరం తిరిగొచ్చాం. లక్నవరంలో ఎండకు తాళలేక చెట్ల నీడలో ఆపితే కోతులు పైకప్పు కిటికీ దోమల జాలీ చింపి లోపలికి దూరాయి. చిన్నోడి చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ గుంజుకుంటూ ఒక కోతి వాడి ముంజేయి గీరింది, కొంచెం రక్తం వచ్చింది. తాడ్వాయి దాటాక చీకటి పడటంతో రోడ్డు పక్కన పెద్ద ఇప్పచెట్టు కింద ఆగాం. రాత్రి మూడింటికి గుడ్డెలుగు వచ్చి బండి చుట్టూ తిరిగింది. వెళ్లిపోదామంటే ఇంజను స్టార్ట్ కాలేదు. కాళేశ్వరం దగ్గర ఇసుకలో దిగబడితే ట్రాక్టర్‌తో లాగించాం, ముందు బంపర్ ఊడి వచ్చింది. ఇల్లు చేరేసరికి సింకు కింద పైపు విరిగి పరుపులు తడిశాయి. దసరా సెలవుల్లో జన్నారం, కుంటాల పోవాలని ఉంది కానీ ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు. మా అమ్మకు బండిలో ఉక్క పోస్తుంది, బయట మంచం వేసుకుంటానంటుంది. ఏమేం మార్చుకోవాలి?

జవాబు:

బండి సంగతి తర్వాత. ముందు మీ చిన్నబ్బాయి చేయి. కోతి గీరినప్పుడు రక్తం వచ్చిందని రాశారు, టీకా వేయించినట్టు రాయలేదు. వేయించకపోతే ఈ జవాబు పక్కన పెట్టి ఈ రోజే ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లండి. గాయం మానిపోయినా, వారాలు గడిచినా రేబిస్ టీకా మొదలుపెట్టవచ్చు, పెట్టాలి. ఆ వైరస్ శరీరంలో వారాలు, నెలలు ఉండి అప్పుడు బయటపడుతుంది. లక్షణాలు కనిపించాక మాత్రం ఏ వైద్యమూ పనిచేయదు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. కండకు వేస్తే 14వ రోజు మరో డోసు ఉంటుంది. రక్తం వచ్చిన గాయం కాబట్టి ఇమ్యూనోగ్లోబులిన్ (గాయం చుట్టూ ఇచ్చే యాంటీబాడీల మందు) కూడా అవసరమా అన్నది డాక్టరు చెబుతారు. గీరిన సంగతి, తేదీ దాచకుండా చెప్పండి. ఇకముందు ఇలా జరిగితే ఎక్కడున్నా ముందు చేయాల్సింది ఒకటే. ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు, కట్టు బిగించకూడదు.

ఇక ప్రయాణం. మీ ఉత్తరంలోని కష్టాల్లో మూడింటికి వేరు చెట్టు నీడలోనే ఉంది. పగలు నీడలో ఆపారు కాబట్టి కోతులు కొమ్మల మీంచి నేరుగా పైకప్పు మీదికి దిగాయి. అదే నీడ వల్ల సోలార్ పలక ఛార్జి ఇవ్వలేదు, రాత్రికి బ్యాటరీ ఖాళీ అయింది. చీకటి పడ్డాక చేతికందిన చోట ఆపారు, ఆ చోటు ఏప్రిల్ నెల ఇప్పచెట్టు కింద అయింది. పరికరాలు మార్చేముందు ఆపే చోటు ఎంచుకునే పద్ధతి మార్చుకోండి. మీ ఖర్చులో సగం అక్కడే మిగులుతుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాత్రి నుంచి తెల్లవారేదాకా రాలుతుంటాయి. చక్కెర నిండిన పువ్వు. గుడ్డెలుగుకు చూపు మందం, ముక్కు మాత్రం చాలా పదును. ఆ వాసన పట్టుకుని అది ఏటేటా అవే చెట్ల దగ్గరికి వస్తుంది. అంటే ఆ రాత్రి అది మీ బండి కోసం రాలేదు, తన తిండి దగ్గరికి వచ్చింది, మధ్యలో మీరున్నారు. తెల్లవారుజామున అదే చెట్టు కిందికి పూలు ఏరుకోవడానికి గూడేల వాళ్లు వస్తారు. వాళ్ల ఏరుడుకు బండి అడ్డం కాకూడదన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతే. ఇంకో ప్రమాదం మీరు గమనించి ఉండరు. ఆ రోజుల్లో టేకు, ఇప్ప ఆకులన్నీ రాలి కింద మందంగా పరచుకుని ఉంటాయి. ఎక్కుడు దారిలో నడిచి వచ్చిన బండి సైలెన్సరు గొట్టం ఎండుటాకును అంటించేంత వేడి మీద ఉంటుంది. ఆకుల మీద బండి ఎప్పుడూ ఆపకండి. ఆపక తప్పకపోతే బండి కింద ఆకులన్నీ పారతో పక్కకు లాగేసి మట్టి కనపడేలా చేయండి.

ఎలుగు వచ్చినప్పుడు మీరు లోపలే ఉండటం మంచిదైంది. మళ్లీ ఎదురైతే తలుపులు, కిటికీలు మూసి లోపలి లైట్లు ఆర్పండి. అది వెనక్కి పోవడానికి దారి ఉందా అని చూసుకుని, ఉంటే హారన్ రెండు మూడు సార్లు చిన్నగా కొట్టండి. బండికీ గోడకీ మధ్య, బండికీ వాగు గట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటే హారన్ కొట్టకండి, దాన్ని దారి వెతుక్కోనివ్వండి. టార్చితో దిగడం, రాయి విసరడం, వీడియో కోసం తలుపు సందులోంచి తొంగిచూడటం వద్దు. బయట నడుస్తూ దగ్గరలో చూస్తే పరుగెత్తకండి, అది మనకన్నా వేగంగా పరుగెడుతుంది. ముఖం దానివైపే ఉంచి, మెల్లగా మాట్లాడుతూ, వెనక్కి అడుగులు వేయండి. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులూ మెడ వెనక అల్లి ముఖం నేలకు ఆనించాలి. ఎలుగు దాడుల్లో ఎక్కువగా దెబ్బతినేవి ముఖం, తల. పాపం అది దాడి చేసేది కూడా ఎక్కువసార్లు మనిషి హఠాత్తుగా దగ్గరగా కనబడ్డప్పుడే. అందుకే అడవి పక్కన తెల్లవారకముందు, పొద్దుగూకాక నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవడం మేలు.

ఆపే చోటు సాయంత్రం 4 గంటలకల్లా ఖాయం కావాలి, 5 లోపు బండి అక్కడ నిలవాలి. వెలుతురులో చుట్టూ ఒక తిరుగుడు తిరిగితే చాలా తెలుస్తుంది. కాళ్ల గుర్తులు, తవ్విన పుట్టలు, చెట్టు మీద గోళ్ల గీతలు, నేల మీద రాలిన పూలు, పండ్లు. చెరువు, కుంట, వాగు, అటవీ శాఖ వాళ్లు జంతువుల కోసం కట్టిన నీటి తొట్లు, వీటికి కనీసం 200 మీటర్ల దూరంలో ఉండండి. ఎండాకాలం రాత్రిళ్లు అడవి అంతా అక్కడికే నడుస్తుంది. అభయారణ్యం హద్దులో అనుమతి లేకుండా రాత్రి ఆగడం, మంట వేయడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. తాడ్వాయి, ఏటూరునాగారం దారిలో మీరు ఆగిన రోడ్డు పక్క చాలా మటుకు ఆ హద్దులోకే వస్తుంది. రామప్ప, లక్నవరం, తాడ్వాయి, జన్నారంలో పర్యాటక శాఖ హరిత వసతులు ఉన్నాయి. ముందురోజు ఫోన్ చేసి, గది తీసుకున్నా తీసుకోకపోయినా బండి రాత్రి లోపల నిలుపుకోవడానికి ఎంత తీసుకుంటారో అడగండి. గోడ, దీపం, కాపలా, మరుగుదొడ్డి నాలుగూ దొరుకుతాయి. అది కుదరకపోతే హైవే మీద పెట్రోల్ బంకు, గుడి సత్రం ఆవరణ, ఊళ్లో సర్పంచ్‌ను అడిగి బడి మైదానం. ఊరి మధ్య కుక్కలు మొరిగే చోటు అడవి అంచులోని నిశ్శబ్దం కన్నా వెయ్యి రెట్లు నయం.

కోతుల సంగతికొస్తే, దోమల జాలీ వాటికి కాగితంతో సమానం. పైకప్పు కిటికీకీ, పక్క కిటికీలకీ బయటివైపు అరంగుళం గడుల వెల్డ్ మెష్ (గట్టి ఇనుప జాలీ) బిగించండి. లోపలివైపు బిగిస్తే కోతి బయటి నుంచి నెడుతుంది, స్క్రూలు ఊడతాయి. బయటివైపు ఉక్కు పట్టీ వేసి నట్లు లోపలికి వచ్చేలా బోల్టులు వేయించండి. పక్కకు జరిగే తలుపు మూసినా గడియ పడకపోతే పెద్ద కోతి లాగి తెరుస్తుంది, దిగిన ప్రతిసారీ తాళం వేయాలి. రామప్ప గుడి దగ్గర, లక్నవరం వేలాడే వంతెన దగ్గర, ఘాట్ రోడ్ల మీద ప్లాస్టిక్ సంచి చప్పుడు వింటేనే అవి పైకి వస్తాయి, కాబట్టి తినేవన్నీ మూత బిగుసుకునే స్టీలు డబ్బాల్లోకి మార్చండి. పక్క అద్దాల్లో తన నీడనే చూసి మరో కోతి అనుకుని కొట్టి పగలగొట్టే మగ కోతులుంటాయి. ఆపగానే అద్దాలకు గుడ్డ సంచులు తొడగండి, రెండు పాత బనీను ముక్కలు చాలు. వైపర్ రబ్బర్లు కూడా పీకేస్తాయి. చేతిలోది గుంజుకుంటే వదిలేయాలని పిల్లలకు ముందే నేర్పండి. తిరిగి లాగడం, కళ్లలోకి చూడటం, నవ్వుతూ పళ్లు కనబరచడం వాటి లెక్కలో పోట్లాటకు పిలవడమే. అరటిపండు ఇచ్చి మంచి చేసుకోవాలని అసలు అనుకోవద్దు. ఒక బండి పెట్టిన తిండికి తర్వాతి పది బళ్లు గాయపడతాయి.

ఇప్పుడు ఆ రాత్రి ఇంజను ఎందుకు లేవలేదో చూద్దాం. లెక్క ఇలా ఉంటుంది. 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఏప్రిల్ ఎండలో అది రోజులో అరవై శాతం సేపు నడుస్తుంది, అంటే రోజుకు 54 ఆంపియర్ అవర్లు (వాట్లను గంటలతో గుణించి 12తో భాగిస్తే వచ్చేది, కింది అంకెలన్నీ ఈ కొలతలోనే). రెండు 15 వాట్ల ఫ్యాన్లు రాత్రంతా తొమ్మిది గంటలు తిరిగితే 22. లైట్లకు 5, ఫోన్లకు 5, నీళ్ల పంపుకు 3. ఇన్వర్టరుకు ఏమీ తగిలించకపోయినా ఆన్‌లో ఉంచితే చాలు, 10 వాట్ల చొప్పున రోజుకు 20 తాగేస్తుంది. మొత్తం 109. లెడ్ ఆసిడ్ బ్యాటరీ మీద 150 అని రాసి ఉన్నా, దాని ఆయువు తరగకుండా వాడుకోగలిగేది సగమే, 75. మంచి ఎండలో బల్లపరుపుగా ఉన్న 200 వాట్ల పలక రోజుకు 55 నుంచి 60 దాకా ఇస్తుంది. నీడలో దాంట్లో చిన్న వంతు కూడా రాదు, కొమ్మ నీడ పలకలో ఒక మూల పడినా దిగుబడి బాగా పడిపోతుంది. మీ లోపలి బ్యాటరీ ఆ రాత్రి ఖాళీ కాక తప్పలేదు. దాన్ని ఇంజను బ్యాటరీకి నేరుగా తీగతో కలిపారు కాబట్టి పోతూపోతూ దాన్నీ తాగేసింది.

ఆ మెకానిక్ చేసింది అందరూ చేసే తప్పే, బాగుచేయడం కష్టం కాదు. రెండు బ్యాటరీల ప్లస్‌ల మధ్య వోల్టేజ్ చూసి పనిచేసే రిలే పెట్టించాలి. ఇంజను నడిచి వోల్టేజ్ సుమారు 13.3 దాటితే అది రెండింటినీ కలుపుతుంది, ఇంజను ఆగి 12.8 కిందికి రాగానే విడదీస్తుంది. వాటి మధ్య తీగ 25 చదరపు మిల్లీమీటర్ల రాగిది ఉండాలి, సన్నది వేస్తే వేడెక్కుతుంది. రెండు చివరలా, ప్రతి బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే, 100 ఆంపియర్ల ఫ్యూజు పడాలి. ఒక్క చివర వేస్తే చాలదు, తీగ మధ్యలో ఒరుసుకుని బాడీకి తగిలితే రెండో బ్యాటరీ నుంచి కరెంటు వచ్చి మంట అంటుకుంటుంది. తీగ ఇనుప రేకు లోంచి దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు బుష్ వేయించండి. కొత్త మోడల్ బళ్లలో ఆల్టర్నేటర్ (ఇంజను తిరుగుతుంటే కరెంటు ఇచ్చే భాగం) వోల్టేజ్ తనంతట తాను మారుతుంటుంది కాబట్టి వాటికి ఈ రిలే సరిపడదు, డీసీ టు డీసీ ఛార్జర్ కావాలి. మీది పాత బండి కనుక రిలే సరిపోతుంది.

బ్యాటరీ పక్కన చిన్న వోల్ట్ మీటరు పెట్టించుకోండి. లోడు ఏమీ లేకుండా గంటసేపు ఉంచాక 12.7 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. 12.2 కనబడితే ఫ్రిజ్ ఆపేయాలి. ఇన్వర్టరును వాడినప్పుడే వేయండి, ఫోన్లకు 12 వోల్టుల సాకెట్ నుంచే ఛార్జింగ్ పెట్టండి. ఆ ఒక్క అలవాటే రోజుకు 20 మిగులుస్తుంది. డీజిల్ ఇంజనుకు సరిపోయే జంప్ స్టార్టర్ ఒకటి డ్రైవరు సీటు కింద పెట్టుకోండి, నెలకోసారి ఛార్జి చేయండి. వేరే బండి బ్యాటరీతో లేపాల్సి వస్తే ఎర్ర తీగ ప్లస్ నుంచి ప్లస్‌కు. నల్ల తీగ అవతలి మైనస్ నుంచి మీ ఇంజను బ్లాకు మీది రంగులేని ఇనుప భాగానికి. ఖాళీ బ్యాటరీ మైనస్‌కు పెడితే నిప్పురవ్వ బ్యాటరీ గ్యాసు దగ్గరే లేస్తుంది.

కాళేశ్వరం ఇసుకలో బంపర్ ఊడటానికి కారణం తాడు బంపర్‌కు కట్టడమే. బంపర్ దెబ్బ తట్టుకోవడానికి ఉంటుంది, లాగడానికి కాదు. ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) ఉండే టోయింగ్ హుక్ ఎక్కడుందో ఇంటి దగ్గరే వంగి చూసుకోండి. లేకపోతే ఛాసిస్ పట్టీకి మంచి హుక్ వెల్డింగుతో కాకుండా బోల్టులతో వేయించండి. లాగేటప్పుడు తాడు తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. తాడు మధ్యలో తడి గోనె సంచి వేసి, మనుషులందర్నీ తాడు పొడవుకు రెండింతల దూరం జరపండి. ట్రాక్టరు ఊపుతో గుంజకూడదు. తాడు బిగిసేదాకా మెల్లగా వచ్చి, బిగిశాక నిదానంగా లాగాలి.

అసలు ట్రాక్టరు దాకా రాకుండా చేసుకోవచ్చు. చక్రం తిరిగి బండి కదలకపోతే ఆ క్షణమే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. ఇంకో అర నిమిషం తొక్కితే ఇరుసు ఇసుకకు ఆని కూర్చుంటుంది. అందర్నీ దింపండి. ట్రావెలర్‌కు తోసేవి వెనక చక్రాలు, కాబట్టి పని వెనకే. చక్రాల ముందూ వెనకా ఇసుక తీసి వాలుగా చేయండి. తలుపు దగ్గరి స్టిక్కర్ మీద గాలి 50 అని ఉంటే 30కి దించండి, టైరు పరుచుకుని పట్టు దొరుకుతుంది. వచ్చిన గాడిలోనే వెనక్కి తీయడం సులువు, అక్కడ ఇసుక అప్పటికే అణగి ఉంటుంది. చక్రాల కింద తడి గోనె సంచులు పొడవుగా పరిచి, మొదటి గేరో రివర్సో వేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి. బయటపడ్డాక గాలి మళ్లీ కొట్టేదాకా 20 కిలోమీటర్ల వేగం దాటొద్దు. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే 12 వోల్టుల గాలి పంపు, పొడవు పిడి ఉన్న పార, నాలుగు గోనె సంచులు, జాక్ కింద పెట్టడానికి అడుగు చదరం చెక్క ముక్క, ఇవి చాలు. గోదావరి ఇసుకలోకి మాత్రం బండి దింపే ఆలోచనే మానుకోండి. పైన గేట్లు ఎత్తితే ఎండపొద్దున కూడా నీళ్లు పెరుగుతాయి.

విరిగిన పైపు సింకు కిందిదన్నారు కాబట్టి అది గమ్ వేసి అతికించిన గట్టి పైపు అయి ఉండాలి. ఇంట్లో కదలని గోడకు పనికొచ్చేది రోజంతా అదిరే బండిలో అతుకు దగ్గర పగులుతుంది. మెత్తటి ఫుడ్ గ్రేడ్ గొట్టం వేసి, ప్రతి మూలన రెండేసి స్టీలు క్లిప్పులు బిగించి, ప్రతి అడుగున్నరకూ ఒక పట్టీతో గోడకు కట్టించండి. పంపు స్విచ్ బండి నడిచేటప్పుడు ఆఫ్‌లో ఉండాలి, అప్పుడు గొట్టం ఊడినా ట్యాంకు మొత్తం పరుపు మీదికి రాదు. వంద లీటర్లంటే వంద కిలోలు. ట్యాంకు వెనక ఇరుసు అవతల మూలన కాకుండా రెండు ఇరుసుల మధ్య ఉందో లేదో చూడండి. అంతా సర్దుకుని, నీళ్లు నింపి, ఇంటిల్లిపాదీ ఎక్కాక ధర్మకాంట మీద ముందు చక్రాలూ వెనక చక్రాలూ విడివిడిగా తూకం వేయించి, మొత్తం ఆర్‌సీలో రాసిన బరువు దాటిందేమో చూసుకోండి. సీట్లు తీసి పడకలు వేయించిన మార్పు ఆర్‌సీలో ఎక్కించారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చెల్లదు, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట అడిగేది అదే. గ్యాసు సిలిండరు లోపల పెడితే అది ఉన్న గూటి అడుగుభాగంలో, నేలకు ఆనుకుని, బయటికి పోయే రంధ్రం ఉండాలి. ఆ గ్యాసు గాలికన్నా బరువు, పైకి పోదు, కిందే మూగుతుంది. నడిచేటప్పుడు రెగ్యులేటర్ ఆఫ్.

దసరా ప్రయాణానికి లెక్క వేరు. ఇప్పపూలు ఉండవు, ఎండ తగ్గుతుంది, జలపాతాలు నిండుగా ఉంటాయి. బదులుగా వాగులు, బురద, పాములు. అక్టోబరులోనూ పెద్ద వానలు పడతాయి. వాగుల మీద మన వైపు ఎంత నమ్మకం పెట్టుకోకూడదో 2023 జులై చూపింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది, ప్రాణాలు పోయాయి. కల్వర్టు మీంచి నీళ్లు పారుతుంటే ఎంత తక్కువున్నా దాటకండి. మోకాలి లోతు పారే నీళ్లు చాలు, బండిని పక్కకు నెట్టడానికి. బండి ఎంత ఎత్తుగా ఉంటే గాలి అంతగా తోస్తుంది. ఈదురుగాలి రాత్రి చెట్టు కింద ఆపడం గురించి కూడా ఒక మాట. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో ఒక్క గాలివానకు వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నిర్మల్, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి మీద వాన పడితే తారు రోడ్డు దిగవద్దు. ఆ మట్టి టైరు గాడుల్లో నిండి చక్రాన్ని నున్నటి డొప్పలా చేస్తుంది, గోనె సంచులకు కూడా లొంగదు. నిర్మల్ ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు పెడల్ మీద కాలు అదేపనిగా ఉంచితే లైనింగులు కాలి, కిందికొచ్చేసరికి పెడల్ మెత్తబడుతుంది.

కుంటాల దగ్గర మెట్లు దిగి కింది మడుగులోకి పిల్లల్ని దింపకండి. కడెం నది అక్కడ సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, కింద సుడులు, నాచుపట్టిన బండలు. దూరం నుంచి చూస్తేనే బాగుంటుంది.

జన్నారం దారి కవ్వాల్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. 2012 నుంచి అది పులుల రిజర్వు. లోపలి దారుల్లో రాత్రి ఆంక్షలుంటాయి, చెక్‌పోస్టు దగ్గర వేళలు అడిగి, పొద్దుగూకేలోపు జన్నారం చేరండి. పులి సాధారణంగా రోడ్డు మీది బండి జోలికి రాదు. ప్రమాదం ఎక్కువగా వంగి, కూర్చుని ఉన్న మనిషికే. 2024 నవంబరు చివర కాగజ్‌నగర్ దగ్గర చేలో పత్తి ఏరుతున్న ఒక మహిళ పులి దాడిలో చనిపోయారు. అందుకని తెల్లవారుజామున చెంబు పట్టుకుని చేలోకో పొదల్లోకో పోవడం మీ ఇంట్లో ఎవరూ చేయకూడదు. మూతున్న బకెట్టు, దానికి సరిపడే సీటు, మందమైన సంచి, ఒక సంచెడు రంపపు పొట్టు ఉంటే బండిలోనే పని అయిపోతుంది. వాడిన ప్రతిసారీ రెండు గుప్పిళ్ల పొట్టు చల్లితే వాసన రాదు.

దారి మీద దుప్పులు, మనుబోతులు, అడవి పందులు అడ్డొచ్చేది పొద్దుగూకేటప్పుడు, తెల్లవారేటప్పుడు. అడవిలో 40 దాటకండి. ఒక దుప్పి దాటిందంటే వెనక ఇంకా ఉన్నట్టే, ఆగి చూడండి. ఎదురైతే స్టీరింగ్ కోయకుండా నేరుగా బ్రేకు వేయాలి. మీ బండికి బరువు పైనుంది, పక్కకు తిప్పితే పల్టీ కొడుతుంది. దెబ్బతిన్న పంది దగ్గరికి అసలు పోవద్దు. 112కి చెప్పండి, అటవీ శాఖకు కబురు అందుతుంది.

ఇక అమ్మ మంచం. బయట పడుకోవాలన్న ఆమె కోరికలో తప్పేమీ లేదు, మన ఇళ్లలో ఎండాకాలం అందరం పెరిగింది అలాగే. కానీ వానల తర్వాత అడవి అంచున రాత్రి తిరిగేది కట్లపాము. అది ఎలుకలు, కప్పల వెంట ఇంటిదాకా వస్తుంది, నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది, కాటు నొప్పి దాదాపు ఉండదు, గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే పాము కాటేననుకోండి. కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి, ఆకుమందు కోసం ఆగకండి. ఆ కాలో చేయో కదలకుండా కర్రకు గుడ్డతో వదులుగా కట్టి, నడిపించకుండా, 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏదో అడుగుతూ బయలుదేరండి.

హరిత ఆవరణలాంటి గోడ ఉన్న చోట, దీపానికి దూరంగా, చెట్టు కింద కాకుండా, ఎత్తైన నవారు మంచం వేసి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపితే అమ్మ బయట పడుకోవచ్చు. దుప్పటి నేలకు వేలాడకూడదు. మిగతా అన్ని చోట్లా లోపలే. ఉక్క తగ్గించడానికి తలుపు పక్క కిటికీనీ ఎదుటి కిటికీనీ మెష్ వేశాక రాత్రంతా తెరిచే ఉంచవచ్చు, గాలి అడ్డంగా వీస్తుంది. పైకప్పు కిటికీలో గాలి బయటికి లాగే 12 వోల్టుల ఫ్యాన్ పెడితే ఇంకా మేలు. పైరేకు కింద ఒక అంగుళం మందం ఫోమ్ షీటు, దాని కింద ప్లైవుడ్ వేయించండి. మధ్యాహ్నం రేకు పట్టిన వేడి రాత్రి పదింటిదాకా లోపలికి దిగకుండా ఆపేది అదే. తీగలు, గొట్టాలు నేలలోంచి బయటికి పోయే రంధ్రాలు పుట్టీ ముద్దతో కాకుండా స్టీలు పీచు కుక్కి పైన సిలికాన్ వేసి మూయండి, ఎలుకలు కూడా రావు. తలుపు దగ్గర తెల్ల లైటు తీసి పసుపు లైటు పెట్టండి, పురుగులు తగ్గితే కప్పలు తగ్గుతాయి. అమ్మ పడకను మెట్టు వైపు, తలుపు పక్క కిటికీకి ఆనేలా మార్చి, రాత్రి లేస్తే చేతికందేలా టార్చిని దిండు పక్కన కట్టేయండి. చెప్పులు మాత్రం లోపలే విప్పించండి, బయట మెట్టు మీద వదిలిన చెప్పుల్లో తేళ్లు దూరతాయి.